కరక్కాయ ఎంఆర్‌ఎస్‌ఏ మీద పనిచేస్తుందా? ల్యాబ్‌లో తేల్చుకునే పద్ధతి

ప్లేటు మీద గుంట చుట్టూ 20 మి.మీ. జోన్ (బ్యాక్టీరియా పెరగని వలయం) కనబడగానే "మా ఎక్స్‌ట్రాక్ట్ సిప్రోఫ్లాక్సాసిన్‌తో సమానంగా పనిచేసింది" అని రాసేస్తుంటారు. మైక్రోబయాలజీ, ఫార్మసీ ప్రాజెక్టు రిపోర్టుల్లో పదేపదే కనబడే మాట ఇది. ఒకసారి లెక్క వేసి చూడండి. మి.లీ.కి 100 మి.గ్రా. చొప్పున కలిపిన ఎక్స్‌ట్రాక్ట్ 50 మైక్రోలీటర్లు పోస్తే గుంటలో పడింది 5 మి.గ్రా., అంటే 5,000 మైక్రోగ్రాములు. పక్కనున్న సిప్రో (సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయోటిక్) డిస్క్‌లో ఉన్నది 5 మైక్రోగ్రాములు. వెయ్యి రెట్లు ఎక్కువ వేసి, సమానం అంటున్నామన్నమాట. పైగా చిన్న అణువు అగార్‌లో (ప్లేటులోని జెల్లీలాంటి పోషకంలో) దూరం పాకుతుంది, పెద్ద టానిన్ (కాయలోని వగరు పదార్థం) పాకలేదు. కాబట్టి ఆ రెండు జోన్లను పక్కపక్కన పెట్టి పోల్చడమే తప్పు.

మందులకు లొంగని బ్యాక్టీరియా మీద మొక్కలు పనిచేస్తాయా లేదా అన్నది జోన్‌తో తేలదు. ఎంత తక్కువ మోతాదులో ఆపుతోంది, ఆపుతున్నది మొక్కలోని పదార్థమేనా లేక ద్రావకమో, పులుపో, రంగో మనల్ని మోసం చేస్తోందా అన్నవి తేలాలి. కిందిది ఆ పద్ధతి. ఉదాహరణకి కరక్కాయ తీసుకున్నాం. త్రిఫలలో ఒకటి, ప్రతి పచారీ కొట్లోనూ దొరుకుతుంది. 1997లోనే జపాన్ పరిశోధకులు ఇందులోంచి గాలిక్ ఆమ్లాన్ని, దాని ఇథైల్ ఎస్టర్‌ని వేరుచేసి ఎంఆర్‌ఎస్‌ఏ (మందులకు లొంగని స్టెఫైలోకోకస్ బ్యాక్టీరియా) మీద పనిచేస్తున్నాయని చూపించారు. అంతకంటే ముఖ్యమైన కారణం మరొకటుంది. టానిన్, పులుపు, రంగు మూడూ దండిగా ఉండడం వల్ల ఈ పరీక్షలో ఎన్ని రకాలుగా పొరపాటు పడొచ్చో అన్నీ కరక్కాయతోనే ఎదురవుతాయి. దీంతో సరిగ్గా చేయగలిగితే దానిమ్మ తొక్క, తానికాయ, ఉసిరి, తుమ్మ బెరడు అన్నిటికీ ఇదే దారి.

కాయ దగ్గరే మొదలయ్యే తప్పులు

కొట్లో పొడి కొనకండి. కాయే కొనండి. కరక్కాయ కోలగా ఉండి, ఎండాక పొడవునా ఐదు అంచులు తేరి కనబడతాయి. తానికాయ గుండ్రంగా, బూడిద రంగు నూగుతో ఉంటుంది. పొడి అయిపోయాక ఈ తేడా కంటికి ఆనదు. పురుగు తొలిచినవి, బూజు పట్టినవి ఏరేయాలి. బూజు కూడా తన విషపదార్థాలు తను వదులుతుంది, ఫలితం దాని ఖాతాలోదో కాయ ఖాతాలోదో చెప్పలేం.

ఆకులు, పండ్లతో ఉన్న కొమ్మ ఒకటి ఎండబెట్టి హెర్బేరియం షీట్ (కాగితానికి అతికించిన ఎండు నమూనా) చేయించి, వృక్షశాస్త్ర విభాగంలో వోచర్ నంబరు (ఆ నమూనా నమోదు సంఖ్య) తీసుకోండి. ఉస్మానియా, ఆంధ్ర, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయాల్లో గానీ, హైదరాబాద్‌లోని బొటానికల్ సర్వే దక్కన్ ప్రాంతీయ కేంద్రంలో గానీ గుర్తింపు చేయించుకోవచ్చు. కొట్లో కొన్న కాయైతే కొన్న చోటు, తేదీ రాసుకుని, ఆ కాయల నమూనానే భద్రపరచండి. వోచర్ లేని పేపరుని మంచి పత్రికలు మొదటి గడపలోనే తిప్పి పంపుతాయి. అది సరైన పనే, రేపు మరొకరు ఆ ప్రయోగం మళ్లీ చేయాలంటే ఏ మొక్కో తెలియాలి కదా.

గింజ తీసేసి పెచ్చులే తీసుకోండి. నీడలో, గాలి ఆడే చోట వారం పది రోజులు ఆరబెట్టండి. ఓవెన్ వాడితే 40 డిగ్రీలు దాటనివ్వకండి. దంచేటప్పుడు ఇనప రోలు, ఇనప కల్వం వద్దు. శ్రీకాళహస్తి కలంకారీలో బట్టని ముందు కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు, తర్వాత ఇనుము, బెల్లం పులియబెట్టిన కసిం గీత తగలగానే అక్కడ నల్లగా తేలుతుంది. కరక్కాయ టానిన్‌కి ఇనుము కలిసిన రంగు అది. మీ పొడి ఇనప కల్వంలో నల్లబడుతోందంటే జరుగుతున్నది అదే. మీకు కావలసిన టానిన్ అక్కడే ఇనుముతో కట్టుబడిపోతోంది. స్టీలు జార్ మిక్సీ, లేదా పింగాణీ కల్వం వాడండి. 40 మెష్ జల్లెడ పట్టండి.

ఎక్స్‌ట్రాక్ట్

పొడి 50 గ్రాములు, 70 శాతం ఇథనాల్ 500 మి.లీ. అంటే ఒకటికి పది. మూతబిగించిన సీసాలో గది వేడిమి దగ్గర షేకర్ మీద 24 గంటలు ఉంచి, ముందు మస్లిన్ గుడ్డతో, తర్వాత వాట్‌మన్ ఒకటో నంబరు కాగితంతో వడగట్టండి. మిగిలిన పిప్పికి మళ్లీ 250 మి.లీ. పోసి మరో 24 గంటలు. రెండు వడపోతలూ కలిపేయండి.

మరిగించి కషాయం తీయొచ్చు కదా అంటారు. తీయొచ్చు, కానీ అది వేరే నమూనా. కరక్కాయలోని చెబులిక్ వర్గం టానిన్లు వేడినీళ్లలో విడిపోయి గాలిక్, ఎల్లాజిక్ ఆమ్లాలుగా మారతాయి. ఇంట్లో తాగే కషాయం సంగతి తెలుసుకోవాలంటే కషాయమే పరీక్షించండి. కాయలో సహజంగా ఉన్నదేదో తెలుసుకోవాలంటే చల్లని ఇథనాలే మంచిది. రెండూ చేసి, దేని ఫలితం దానికి విడిగా రాయడం అన్నిటికంటే మేలు.

రోటరీ ఎవాపొరేటర్‌లో 40 డిగ్రీల దగ్గర ఇథనాల్ తీసేయండి. మిగిలే నీటి భాగాన్ని లయోఫిలైజర్‌లో ఆరబెట్టండి. ఆ సదుపాయం లేకపోతే బరువు చూసిన పింగాణీ గిన్నెలో పోసి 40 డిగ్రీల ఓవెన్‌లో ఆర్చి, డెసికేటర్‌లో పెట్టండి. ఎండింది కదా అని కంటితో తేల్చకండి. రెండు గంటల తేడాతో రెండుసార్లు తూచినా బరువు మారకూడదు. జిగటగా మిగిలిన ఇథనాల్ బ్యాక్టీరియాని చంపుతుంది, ఆ పేరు కరక్కాయకి వెళ్తుంది. దిగుబడి లెక్క తప్పకుండా రాయండి: 50 గ్రాముల పొడికి 14 గ్రాముల ఎండు ఎక్స్‌ట్రాక్ట్ వస్తే 28 శాతం. ఈ ఎక్స్‌ట్రాక్ట్ గాలిలో తేమ పీల్చి ముద్దవుతుంది కాబట్టి చిన్న చిన్న వయల్స్‌లో పంచి, మూత బిగించి, మైనస్ 20లో ఉంచండి. పెద్ద సీసా ఒకటే పెట్టుకుని రోజూ తీసి తూస్తే, నెల తిరిగేసరికి తూస్తున్న దానిలో కొంత నీళ్లే.

స్టాక్: 100 మి.గ్రా.ని 1 మి.లీ. డీఎంఎస్‌ఓ అనే ద్రావకంలో కలపండి. వడగట్టాల్సి వస్తే 0.22 మైక్రాన్ ఫిల్టర్ నైలాన్‌ది గానీ పీటీఎఫ్‌ఈది గానీ అయి ఉండాలి. సెల్యులోజ్ నైట్రేట్ పొర డీఎంఎస్‌ఓలో కరిగిపోతుంది. మామూలుగా మాత్రం స్టాక్‌ని వడగట్టక్కర్లేదు, వడగడితే టానిన్ కొంత పొరకే అంటుకుపోతుంది. అడుగున కరగని మడ్డి ఉంటే అది పక్కన పెట్టేసి "100" అని రాయకూడదు. కరిగేంతవరకూ పలచన చేసి, ఆ అంకె రాయండి.

బ్యాక్టీరియా

ఎంఆర్‌ఎస్‌ఏ అంటే మెథిసిలిన్‌కి లొంగని స్టెఫైలోకోకస్ ఆరియస్. మెథిసిలిన్ వాడకంలోకి వచ్చిన ఒకటి రెండేళ్లకే, 1961లో ఇంగ్లండ్‌లో బయటపడింది. మెక్-ఎ అనే జన్యువు వల్ల ఇది పీబీపీ-2ఎ అనే ప్రోటీన్ తయారుచేసుకుంటుంది. పెన్సిలిన్ కుటుంబపు మందులు దానికి సరిగా అతుక్కోలేవు. కణగోడ కట్టే పని ఆగదు.

మీకు కనీసం రెండు స్ట్రెయిన్లు కావాలి. లొంగేది ఏటీసీసీ (అమెరికాలోని కల్చర్ల భాండాగారం) 29213, లొంగనిది ఏటీసీసీ 43300. డిస్క్ పరీక్షల నాణ్యత చూడడానికి ఏటీసీసీ 25923. చండీగఢ్‌లోని ఎంటీసీసీ నుంచి కూడా ప్రామాణిక కల్చర్లు తెప్పించుకోవచ్చు. ఆసుపత్రి నుంచి ఐసొలేట్లు (రోగుల నుంచి వేరుచేసిన బ్యాక్టీరియా) తెచ్చుకుంటే ముందు ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి. "ఎంఆర్‌ఎస్‌ఏ" అని లేబుల్ ఉన్నంత మాత్రాన నమ్మేయకుండా సెఫాక్సిటిన్ 30 మైక్రోగ్రాముల డిస్క్ వేసి మీరే చూసుకోండి. 33–35 డిగ్రీల దగ్గర 16–18 గంటలకి జోన్ 21 మి.మీ. లేదా అంతకు తక్కువైతే ఎంఆర్‌ఎస్‌ఏ, 22 లేదా ఎక్కువైతే కాదు. అదే రోజు ఏటీసీసీ 25923కి జోన్ 23 నుంచి 29 మధ్య రాకపోతే ఆ రోజు ఫలితాలన్నీ పక్కన పెట్టాల్సిందే.

ఇది రెండో స్థాయి బయోసేఫ్టీ పని. క్లాస్-2 క్యాబినెట్ లేని గదిలో, బల్ల మీద చేసేది కాదు. గ్లవ్స్, కోటు, 1 శాతం హైపోక్లోరైట్ పక్కనే ఉండాలి. వాడిన ప్లేట్లు 121 డిగ్రీల దగ్గర అరగంట ఆటోక్లేవ్ అయ్యాకే బయటికి పోవాలి. మదర్ కల్చర్‌ని 20 శాతం గ్లిసరాల్‌లో మైనస్ 80లో పెట్టి, పనిచేసే కల్చర్‌ని దాంట్లోంచి తీయండి. ఫ్రిజ్‌లోని స్లాంట్‌ని ఏడాది పొడవునా తిప్పితిప్పి వాడుతూ పోతే స్ట్రెయిన్ గుణమే మారిపోవచ్చు.

జోన్: వడపోతకే, తీర్పుకి కాదు

పది ఎక్స్‌ట్రాక్ట్‌లలో ఏవి ముందుకి తీసుకెళ్లాలో చూసుకోవడానికి అగార్ వెల్ పద్ధతి పనికొస్తుంది, అంతవరకే. ముల్లర్-హింటన్ అగార్ లీటరుకి 38 గ్రాములు, 90 మి.మీ. ప్లేటుకి 25 మి.లీ., మందం 4 మి.మీ. మందం తగ్గితే జోన్ పెరుగుతుంది, పెరిగితే తగ్గుతుంది.

ఇనాక్యులం (ప్లేటు మీద పూసే బ్యాక్టీరియా ద్రవం) 0.5 మెక్‌ఫర్లాండ్, అంటే ప్రామాణిక మడ్డి కొలతలో 0.5 ఉండాలి. ముందురోజు రాత్రి పెట్టిన ప్లేటు మీది మూడు నాలుగు కాలనీలు సెలైన్‌లో కలిపి, 625 నానోమీటర్ల దగ్గర 0.08–0.13 చూపించేలా సరిచేయండి. మి.లీ.కి 10–20 కోట్ల కణాలుంటాయి. కలిపిన పావుగంట లోపు పూసేయాలి. 6 మి.మీ. బోరర్‌తో గుంట తీస్తే, 4 మి.మీ. మందంలో దాని మొత్తం పరిమాణం సుమారు 113 మైక్రోలీటర్లు. అందులో 100 పోస్తే చేయి కాస్త అదిరినా పొంగి ఉపరితలం మీద పాకి, జోన్ అడ్డదిడ్డంగా వస్తుంది. 50 చాలు. గుంట అడుగున అగార్ పైకి లేస్తే ద్రవం కిందకి పాకుతుంది, కరిగించిన అగార్ ఒక చుక్క వేసి అడుగు మూసేయండి. పక్క గుంటలో అంతే డీఎంఎస్‌ఓ.

జోన్ రాకపోయినా ఆ మొక్కను కొట్టేయకండి. నూనెలాంటి పదార్థాలు, పెద్ద టానిన్లు అగార్‌లో కదలవు. బ్రాత్‌లో (ద్రవ పోషకంలో) బాగా పనిచేసేది ప్లేటు మీద సున్నా చూపించడం మామూలే.

ఎంఐసీ: అసలు పని ఇక్కడ

బ్యాక్టీరియా పెరుగుదలని ఆపే కనీస మోతాదుని, అంటే ఎంఐసీని, 96 గుంటల ప్లేటులో కనుక్కుంటాం. మీడియా కాటయాన్-అడ్జస్టెడ్ ముల్లర్-హింటన్ బ్రాత్, పీహెచ్ 7.2–7.4.

స్టాక్‌లోంచి 20 మైక్రోలీటర్లు తీసి 980 మైక్రోలీటర్ల బ్రాత్‌లో కలపండి. ఇప్పుడు మి.లీ.కి 2 మి.గ్రా., డీఎంఎస్‌ఓ 2 శాతం. ఇక్కడ ఆగి పీహెచ్ కాగితం ముంచి చూడండి. కరక్కాయ ఎక్స్‌ట్రాక్ట్ పుల్లన, బ్రాత్ పీహెచ్‌ని కిందికి లాగగలదు. 7కి తగ్గితే పలచని సోడియం హైడ్రాక్సైడ్ చుక్కచుక్కగా వేసి 7.2కి తేండి. 7.4 దాటించకండి, క్షారం పెరిగితే గాలిక్ ఆమ్లం గాలి సోకి ఆకుపచ్చగా, తర్వాత గోధుమరంగుగా మారిపోతుంది. చాలామంది ఈ మెట్టు వదిలేసి, పులుపుతో ఆగిన బ్యాక్టీరియాని టానిన్‌తో ఆగిందని రాస్తున్నారు.

ప్లేటులో ఎ, హెచ్ వరుసల్లో స్టెరైల్ నీళ్లు పోయండి, అంచు గుంటలు ఎండిపోకుండా కాపు. బి, సి, డి వరుసలు ఎక్స్‌ట్రాక్ట్‌కి, ఒకటే పరీక్ష మూడుసార్లు. ఇ వరుసలో ఎక్స్‌ట్రాక్ట్ ఉంటుంది, బ్యాక్టీరియా ఉండదు. ఎఫ్‌లో పోల్చడానికి వాంకోమైసిన్ అనే యాంటీబయోటిక్, జి లో 2 శాతం డీఎంఎస్‌ఓ కలిపిన బ్రాత్ మాత్రమే.

బి నుంచి జి వరకూ, 2 నుంచి 11 గుంటల దాకా 100 మైక్రోలీటర్ల బ్రాత్ పోసి, 12వ గుంటలో 200 పోయండి. మొదటి గుంటలో ఆ వరుసకి తగిన ద్రావణం 200 మైక్రోలీటర్లు. అందులోంచి 100 తీసి రెండో గుంటలో కలపండి, పిపెట్‌తో ఆరేడుసార్లు పైకీ కిందికీ లాగి, మళ్లీ 100 తీసి మూడో గుంటలోకి, ఇలా పదో గుంట దాకా. పదో గుంటలోంచి తీసిన 100 పారేయండి. 11 బ్యాక్టీరియా పెరిగి తీరాల్సిన గుంట, 12 ఏమీ పెరగకూడని గుంట.

0.5 మెక్‌ఫర్లాండ్ ఇనాక్యులాన్ని బ్రాత్‌లో నూరు రెట్లు పలచన చేయండి. మి.లీ.కి సుమారు 10 లక్షల కణాలు. దీన్ని 1 నుంచి 11 దాకా 100 మైక్రోలీటర్ల చొప్పున పోయండి. ఇ వరుసలో మాత్రం దాని బదులు ఉత్త బ్రాత్. ఇప్పుడు మొదటి గుంటలో ఎక్స్‌ట్రాక్ట్ మి.లీ.కి 1,000 మైక్రోగ్రాములు, తర్వాత 500, 250, 125, అలా పదో గుంటలో దాదాపు 2. డీఎంఎస్‌ఓ మొదటి గుంటలోనే 1 శాతం, అంతకు మించి ఎక్కడా ఉండదు. కణాలు మి.లీ.కి 5 లక్షలు.

ఆ 5 లక్షలు నిజంగా పడ్డాయా అన్నది లెక్కతో కాదు, ప్లేటుతో చూడాలి. పోసిన వెంటనే 11వ గుంటలోంచి 10 మైక్రోలీటర్లు తీసి 10 మి.లీ. సెలైన్‌లో కలిపి, 100 మైక్రోలీటర్లు అగార్ మీద పరచండి. మర్నాడు 50 కాలనీల చుట్టుపక్కల కనబడాలి. 5 కనబడ్డాయంటే ఇనాక్యులం పదో వంతే పడింది, మీ మందు నిజానికంటే బలంగా కనబడుతుంది. 500 వస్తే అందుకు తిరగేసి.

వాంకోమైసిన్ వరుస మి.లీ.కి 32 మైక్రోగ్రాముల ద్రావణంతో మొదలుపెడితే చివరికి 16 నుంచి దిగుతుంది. ఏటీసీసీ 29213 వేసిన ప్లేటులో వాంకోమైసిన్ ఎంఐసీ 0.5 నుంచి 2 మధ్య రావాలి. రాకపోతే పిపెట్టో, మీడియానో, మందు పొడో తేడా. ఆ ప్లేటులో కరక్కాయ ఎంత అందంగా పనిచేసినా దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

మూత పెట్టి, తడి దూది ఉన్న డబ్బాలో 35 డిగ్రీల దగ్గర 18 గంటలు. ప్లేట్లని ఒకదానిమీద ఒకటి నాలుగుకి మించి పేర్చకండి, మధ్యవి ఆలస్యంగా వేడెక్కుతాయి.

టానిన్ చేసే మోసాలు

మామూలు యాంటీబయోటిక్ ప్లేటులో మడ్డి ఉంటే పెరిగినట్టు, తేటగా ఉంటే ఆగినట్టు. కరక్కాయతో అలా చదవలేరు. టానిన్ బ్రాత్‌లోని ప్రోటీన్లతో, పెప్టైడ్లతో కలిసి తెల్లటి తెట్టు కడుతుంది. తోలు శుద్ధిలో తోలుని గట్టిపరిచే గుణమే ఇది. 1,000, 500 గుంటల్లో బ్యాక్టీరియా లేకపోయినా మడ్డిగా ఉంటుంది. అందుకే ఇ వరుస. ప్రతి గుంటనీ దాని కిందనున్న ఇ గుంటతో పోల్చి చదవాలి.

మడ్డి చూడలేం కాబట్టి రెసజురిన్ అనే రంగు వేస్తారు. 0.015 శాతం ద్రావణం గుంటకి 30 మైక్రోలీటర్లు, రెండు నుంచి నాలుగు గంటలు. నీలంగా ఉంటే పెరుగుదల లేదు, గులాబీ అయితే ఉంది. ఇందులోనూ చిక్కుంది. గాలిక్ ఆమ్లం లాంటివి క్షయకరణ గుణం ఉన్నవి, బ్యాక్టీరియా లేకుండానే రెసజురిన్‌ని గులాబీ చేయగలవు. ఇ వరుసలో గులాబీ కనబడిందా, ఆ మోతాదు దగ్గర రంగుని నమ్మకండి. అప్పుడు మిగిలే దారి అగార్ మీద పరిచి కాలనీలు లెక్కపెట్టడమే. శ్రమైనా, కరక్కాయ విషయంలో చివరి మాట దానిదే.

పెరుగుదల లేని గుంటల్లోంచి 10 మైక్రోలీటర్ల చొప్పున అగార్ మీద పరిస్తే ఎంబీసీ (చంపే కనీస మోతాదు) కూడా తెలుస్తుంది. మొదట్లో 10 మైక్రోలీటర్లలో 5,000 కణాలుండేవి. 5 లేదా అంతకు తక్కువ కాలనీలు వస్తే 99.9 శాతం చచ్చినట్టు. ఎక్కువ వస్తే ఆపింది గానీ చంపలేదు.

ఇంకో మెలిక. గాలిక్ ఆమ్లం వంటి ఫినాల్‌లు మీడియాలో గాలి తగిలి హైడ్రోజన్ పెరాక్సైడ్ పుట్టిస్తాయి. బ్యాక్టీరియాని ఆపింది కరక్కాయా, గుంటలో పుట్టిన పెరాక్సైడా? ఒక వరుసలో పెరాక్సైడ్‌ని విడగొట్టే కాటలేజ్ ఎంజైము కలిపి, మరొకదాంట్లో కలపకుండా చేయండి. కాటలేజ్ కలిపిన వరుసలో ఎంఐసీ ఎనిమిది రెట్లు పెరిగిపోయిందంటే పని చేసింది పెరాక్సైడే. అలాగే కొంత ఎక్స్‌ట్రాక్ట్‌ని టానిన్‌ని పట్టుకునే పీవీపీపీ పొడితో కలిపి, వడగట్టి, టానిన్ తీసేసి మళ్లీ పరీక్షించండి. పని పూర్తిగా పోయిందంటే కర్త టానిన్. ప్రోటీన్లు నిండిన రక్తంలో టానిన్‌కి అదే బలం ఉంటుందని ఎదురుచూడలేం, అతుక్కుపోవడానికి అక్కడ ప్రోటీన్‌కి కొదవ లేదు కదా. చర్మం మీద, నోటిలో వాడకానికైతే ఈ దారి ఇంకా తెరిచే ఉంటుంది. ఈ రెండు పరీక్షలూ చేసిన విద్యార్థి రిపోర్టు పది జోన్ల ఫొటోలున్న రిపోర్టు కంటే ఎంతో విలువైనది.

అంకెని ఎలా చూడాలి

ముడి ఎక్స్‌ట్రాక్ట్‌కి ఎంఐసీ మి.లీ.కి 100 మైక్రోగ్రాముల లోపు వస్తే గట్టిగా పట్టించుకోవలసిన సంగతి. 100–625 మధ్య ఓ మోస్తరు. అది దాటితే బలహీనం. 1,000 దాటిన మోతాదులతో ఫలితాలు రాయడం మానుకోవడం మంచిది, ఆ మోతాదులో పులుపు లాంటి ఇతర కారణాలు కూడా పనిచేసినట్టు చూపించొచ్చు. వేరుచేసిన శుద్ధ పదార్థానికైతే గీత ఇంకా కిందుంటుంది.

గ్రామ్-నెగటివ్ బ్యాక్టీరియా మీద అంకెలు పెద్దగా వస్తే నిరాశపడక్కర్లేదు. ఈ.కొలై, సూడోమోనాస్, క్లెబ్సియెల్లాలకి బయటి పొర ఒకటి అదనం. లోపలికి దూరిన కాస్తనీ తోడిపోసే పంపులు కూడా ఉంటాయి. పంపుని ఆపే పదార్థం కలిపి మళ్లీ చేస్తే ఎంఐసీ బాగా దిగితే, పదార్థం మంచిదేగానీ లోపల నిలవడం లేదని అర్థం.

యాంటీబయోటిక్‌తో కలిపి

మొక్కల అసలు ఆశ ఇక్కడుంది. బర్బరిస్ మొక్కల్లో బర్బరిన్ ఉంటుంది, ఒంటరిగా స్టెఫైలోకోకస్ మీద బలహీనం, ఎందుకంటే నార్-ఎ అనే పంపు దాన్ని బయటికి తోసేస్తుంది. అదే మొక్కల్లో 5-ప్రైమ్ మెథాక్సీహైడ్నోకార్పిన్ అనే మరో పదార్థం ఆ పంపుని ఆపుతుందని 2000లో అమెరికన్ పరిశోధకులు చూపించారు. మొక్క తన ఆయుధాన్నీ, దానికి తోడునీ కలిపే తయారుచేసుకుంటోంది. మన మిరియాల్లోని పైపరిన్ సిప్రోఫ్లాక్సాసిన్ ఎంఐసీని తగ్గిస్తుందని 2006లో మన దేశపు పరిశోధకులే ప్రచురించారు.

దీన్ని చెకర్‌బోర్డ్‌తో చూస్తారు. ప్లేటులో అడ్డంగా యాంటీబయోటిక్, నిలువుగా ఎక్స్‌ట్రాక్ట్, రెండూ సగం సగం చేసుకుంటూ పోవాలి. ఆక్సాసిలిన్ (పెన్సిలిన్ కుటుంబపు మందు) అయితే బ్రాత్‌లో 2 శాతం ఉప్పు కలిపి, 35 డిగ్రీలు దాటకుండా పూర్తి 24 గంటలు ఉంచాలి. లెక్క ఉదాహరణకి ఇలా: కరక్కాయ ఒంటరిగా 250, కలిపినప్పుడు 62.5, అంటే 0.25. ఆక్సాసిలిన్ ఒంటరిగా 64, కలిపినప్పుడు 8, అంటే 0.125. మొత్తం 0.375. 0.5 లేదా తక్కువైతే రెండూ ఒకదాన్నొకటి బలపరుస్తున్నట్టు, 4 దాటితే ఒకదాన్నొకటి చెడగొడుతున్నట్టు. మధ్యలో ఏదొచ్చినా ప్రత్యేకం ఏమీ లేదనే రాయాలి. 0.6 వస్తే "కొంత సినర్జీ" అని రాసే అలవాటు ఉంది. రెట్టింపు మెట్లతో చేసే పరీక్షలో ఒక గుంట అటూ ఇటూ అవడం సహజం కాబట్టే ఆ గీతని 0.5 దగ్గర గీశారు.

ఈ ఫలితం చూసి ఎవరికీ "మందు బిళ్లతో మిరియాల కషాయం తాగండి" అని చెప్పకండి. పైపరిన్ కాలేయంలో మందుల్ని విడగొట్టే ఎంజైముల్ని అడ్డుకుంటుంది, కొన్ని మందుల మోతాదు రక్తంలో హఠాత్తుగా పెరిగిపోవచ్చు. మొక్క నుంచి వచ్చిన ఏ పదార్థమూ ఇప్పటిదాకా ఎంఆర్‌ఎస్‌ఏ రక్తానికి పాకినప్పుడు ఇచ్చే ఆమోదిత మందు కాలేదు. షుగర్ పుండు మీద పచ్చి ఆకు పసరు పోయడం మరీ ప్రమాదం, మట్టిలోని క్లోస్ట్రిడియం బీజాలు ఆకుతోపాటే పుండులోకి వెళ్తాయి. ఎరుపు పాకుతున్నా, జ్వరం వస్తున్నా, చీము నల్లబడినా ఆ మనిషికి కావలసింది చీము కల్చర్ పరీక్ష, ఆ రిపోర్టు చూసి మందు రాసే డాక్టరు. మీరు ల్యాబ్‌లో పనిచేస్తున్నారని తెలిసి చుట్టాలు అడుగుతారు, అప్పుడు ఇదే చెప్పండి.

విషగుణం కూడా అదే వారంలో చూడండి. 2 శాతం ఎర్రకణాల ద్రవంలో ఎంఐసీకి నాలుగు రెట్ల దాకా ఎక్స్‌ట్రాక్ట్ వేసి, 37 డిగ్రీల దగ్గర గంట ఉంచి, 540 నానోమీటర్ల దగ్గర చదవాలి. కణాలన్నిటినీ పగలగొట్టే ట్రైటాన్ ఎక్స్-100 డిటర్జెంట్ వేసిన గొట్టం నూరు శాతం. కరక్కాయ ఎర్రకణాల్ని పగలగొట్టడం కంటే ముద్దకట్టిస్తుంది కాబట్టి పైనున్న ద్రవం తేటగా ఉందని సంతోషించకుండా గొట్టం అడుగు కూడా చూడండి.

రిపోర్టులో

ప్రయోగాన్ని వేర్వేరు రోజుల్లో, కొత్త ఇనాక్యులంతో మూడుసార్లు చేయాలి. ఒకే ప్లేటులోని మూడు వరుసలు ఒక ప్రయోగం కిందే లెక్క. ఎంఐసీకి సగటు, ప్లస్-మైనస్ రాయకండి. 125, 250, 250 వస్తే 208 కాదు, 250 అని రాసి, 125–250 మధ్య వచ్చాయని చెప్పండి. 208 అనే గుంట ప్లేటులో లేనే లేదు.

వాక్యం ఇలా ఉంటే చాలు: "ఫలానా వోచర్ నంబరు గల కరక్కాయ పెచ్చుల 70 శాతం ఇథనాల్ ఎక్స్‌ట్రాక్ట్, దిగుబడి 28 శాతం, పీహెచ్ 7.2కి సరిచేశాక, ఏటీసీసీ 43300 మీద ఎంఐసీ మి.లీ.కి 250 మైక్రోగ్రాములు, కాటలేజ్ కలిపితే మారలేదు, పీవీపీపీతో టానిన్ తీసేస్తే 1,000 దాటింది, వాంకోమైసిన్ 1." ఇక్కడి అంకెలు ఉదాహరణకే, మీ ప్లేటు చెప్పినవి వేసుకోండి. ఆ ఎక్స్‌ట్రాక్ట్‌లోంచే ఓ రెండు గ్రాములు విడిగా, తేదీ, వోచర్ నంబరు రాసి మైనస్ 20లో ఉంచండి. మరో ల్యాబ్ నుంచి "మాకు 1,000 వచ్చింది" అని ఉత్తరం వస్తే, పంపడానికి అదే నమూనా చేతిలో ఉంటుంది.